గవిని మీద గది

ఇంతవరకూ ఈ పుస్తకంలో కువైట్ వంటిళ్ళ గురించే రాస్తూ వచ్చాను. ఈ అధ్యాయం మాత్రం రాయకూడదనే అనుకున్నాను. పోయిన శుక్రవారం దలాల్ వచ్చి వంటింట్లో కూర్చోకపోయి ఉంటే ఇది నాతోపాటే మట్టిలో కలిసిపోయేది. దలాల్ మా బాబా రెండో కూతురు. ఇక్కడి ఇళ్ళల్లో పనిచేసే మేమంతా యజమానిని బాబా అనీ, ఇల్లాలిని మామా అనీ పిలుస్తాం. ఈ ఇంట్లో బాబా తల్లి కూడా ఉండేది కనుక ఆమె పెద్ద మామా అయింది; కొడుకూ మనవలూ మాత్రం ఆమెను యుమ్మా, అంటే అమ్మా, అనేవారు. రాయచోటి దగ్గర పల్లె నుంచి నేను కువైట్‌లో సబా అల్ సలేం పేటలోని ఈ ఇంటికి పనికి వచ్చేనాటికి దలాల్‌కి ఎనిమిదేళ్ళు, నాకు ఇరవై రెండు. నా పేరు రెడ్డెమ్మ. అది వాళ్ళ నోటికి ఎక్కక మొదటిరోజే నన్ను రీమాని చేశారు. ముప్పై ఏళ్ళు దాటిపోయింది. ఇప్పుడు ఎవరైనా రెడ్డెమ్మా అని పిలిస్తే ఒక క్షణం ఆగి, నన్నేనా అని చూసుకుంటాను. దలాల్ ముగ్గురు పిల్లల తల్లి అయింది. అయినా పుట్టింటికి వచ్చినప్పుడు హాల్లో సోఫాలన్నీ వదిలేసి వంటింట్లో నా పక్కన స్టూలు మీదే కూర్చుంటుంది.

"దా రీమా, సూడు," అంది ఫోను నా ముందుకు చాపి. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల కనుక దానికి నాలుగు తెలుగు మాటలు వచ్చు, అవి కూడా మా రాయచోటి యాసలోనే వస్తాయి. మిగతాదంతా అరబీలోనే మాట్లాడుకుంటాం. ఫోన్లో ఒక రాతి ఇల్లు ఉంది. గుండ్రటి బురుజు, చుట్టూ కందకం, గోడల్లో చెయ్యి మాత్రమే దూరే సన్నటి సందులు. ఫ్రాన్సులో వాళ్ళ వేసవి ఇల్లు అది. బాబా దాన్ని అమ్మేశాడట, కొన్నవాళ్ళు హోటలు చేస్తారట. బొమ్మలు జరుపుతూ జరుపుతూ దలాల్ ఫోను బోర్లా పెట్టేసింది. "మొన్న చిన్నవాణ్ణి ఎక్కించుకోవడానికి స్కూలు దగ్గరికి వెళ్ళి, అక్కడికి ఎందుకు వచ్చానో గుర్తురాక అరగంట కారులోనే కూర్చున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్తే, మీ ఇంట్లో ఎవరికైనా మతిమరుపు జబ్బు ఉందా అని అడిగాడు. మా నాయనమ్మకు ఉండేదని చెప్పాను. నాకూ మొదలైనట్టుంది రీమా," అంది. తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టాను.

పెద్ద మామాకు ఏ జబ్బూ లేదు. చనిపోయిన రోజు పొద్దున కూడా ఆమె తన పెళ్ళికి ఏ ఇంటివాళ్ళు ఏం పెట్టారో వరసగా చెప్పగలిగిన మనిషి. ఈ సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది నేనొక్కదాన్నే. చెప్తే ఈ పిల్లకు భయం తగ్గుతుంది. చెప్తే నా గతేమవుతుందో మాత్రం తెలియదు. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇవాళ్టికీ బాబా పేరు మీదే ఉంది, ఆయనే నా కఫీల్, నా పూచీదారు, ఆయన కోపం నేను చూసినదాన్నే. ఈ వయసులో వెళ్ళిపొమ్మంటే ఇంకో ఇల్లు వెతుక్కునే ఓపిక నాకు లేదు. చెప్పనా మాననా అనుకుంటూ టీకి నీళ్ళు పెట్టాను. ఆ నీళ్ళు మరిగేలోపల ఆ వేసవి అంతా నా కళ్ళ ముందు తిరిగింది.

పక్క దేశం సైన్యం కువైట్‌ని ఆక్రమించిన ఆ యుద్ధం అయిపోయాక బాబా ఆ ఇల్లు కొన్నాడు. అది రాజుల కోట కాదు. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట, ఒక ఊరి పెద్ద దండుల భయానికీ దొంగల భయానికీ తన ఇంటినే కోటలాగా కట్టుకున్నాడట. సముద్రం ఒడ్డున అద్దాల మేడలు దొరుకుతుంటే ఈ రాళ్ళగుట్ట ఎందుకని మామా ఒకటే నస. మా ఇంటి డ్రైవరు బాషా అన్నది రాజంపేట, నన్ను సొంత చెల్లెల్లాగా చూసేవాడు. ఆయనకు దాని కారణం తెలుసు. "బాబాకు గోడల పిచ్చి పట్టింది పాపా. ఏడు నెల్లు ఈ ఇంట్లో దాంకోనుండె గదా. అప్పుడినుంచి గోడ ఎంత మందముంటే ఆయప్పకు అంత నిద్ర," అన్నాడు విమానాశ్రయానికి తీసుకుపోతూ. నేను కువైట్‌కి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలే. పెట్టెల నిండా బియ్యం, ఎండు నిమ్మకాయలు, ఏలకులు, కాఫీగింజలు, పెద్ద మామా ధూపం, రెండు కుక్కర్లు. "స్వెట్టరు పెట్టుకున్యావా? ఆడ చలి ఉంటాది," అన్నాడు బాషా అన్న. జూలైలో చలేందన్నా అంటే, "ఆడ గూడా కువైటే అనుకుంటాండావా నువ్వు," అని నవ్వాడు. స్వెట్టరు లేదు నా దగ్గర. నెల రోజులూ పెద్ద మామా ఉన్ని శాలువా కప్పుకుని తిరిగాను.

గండికోట చూసినదాన్ని కనుక నాకు బురుజులు కొత్త కాదు. కానీ గండికోటలో ఎవరూ కాపురం ఉండరు కదా. ఇక్కడ బాణాలు వేసే సందుల్లో మేము పాలు చల్లార్చుకునేవాళ్ళం. ఎంత ఎండగా ఉన్న రోజైనా అందులోంచి సన్నగా గాలి వచ్చేది. పెద్ద మామా కాఫీ కూజాకి ఒక సందు, నా తువ్వాలుకి ఒక సందు అని వాటాలు కూడా వేసుకున్నాం. ఇల్లంతా తడిరాయి వాసన. దాని మీద పొద్దున్నే ఏలకుల కాఫీ వాసన, పది దాటాక వేయించిన ఉల్లిపాయల వాసన, సాయంత్రం ధూపం. తెల్లవారుజామున పెద్ద మామా నమాజు చేసుకుని కిటికీ తెరిస్తే కందకంలో కప్పలు అరిచేవి. వాటిని ఆమె తిట్టేది. "నా నమాజు అయ్యేదాకా ఆగవు, అయ్యాక ఒక్కటీ అరవదు," అనేది. పొడుగ్గా, ఎముకలు కనబడేటంత సన్నగా ఉండేది, కానీ ఆమె లేచి నిలబడితే బాబా కూడా కూర్చున్న చోటు నుంచి లేచేవాడు. సామాన్ల గది తాళంచెవులు ఆమె నడుముకే ఉండేవి. శుక్రవారం ఏ మాంసం వండాలి, ఎవరిని పిలవాలి, ఏ పిల్లకు ఏ సంబంధం చూడాలి, అన్నీ ఆమె నోటిలోంచే రావాలి.

ఆ ఇంటిని చూసుకునే ఆవిడ పేరు ఒడెట్. యాభై దాటి ఉంటాయి, ఎర్రటి మోచేతులు, ఎప్పుడూ నడుముకి ఒక నీలం గుడ్డ. కందకం అవతల చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆమెకు ముందు వాళ్ళమ్మ కూడా అదే ఇంట్లో ఉండి అదే పని చేసిందట. ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు, అయినా వంటింట్లో మాకు ఏ లోటూ రాలేదు. వాళ్ళ పొడుగాటి రొట్టెలు రెండోరోజుకే కట్టెల్లాగా గట్టిపడేవి. పారేయబుద్ధి కాక నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు వేసి మా వైపు బొరుగులతో ఉగ్గాని చేసినట్టు తిరగమోత పెట్టాను. ఒడెట్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేసింది. మర్నాటి నుంచి రొట్టె మిగిలితే ఆమే తెచ్చి నా ముందు పెట్టేది.

కింద భోజనాల గది ఒకప్పుడు ఆ కోటకి గవిని. మా వైపు కోటవాకిలిని గవిని అంటారు. గుర్రాలూ బండ్లూ లోపలికి వచ్చే దారి అది. తర్వాతి కాలంలో ఎవరో రెండు కొసలా గోడ కట్టి, పైన చెక్కలతో కప్పు వేసి గదిగా మార్చారు. ఆ చెక్కల నిండా బొమ్మలు. బూరా ఊదే కుందేలు, మనిషి తల ఉన్న పక్షి, చంకన కుండ పెట్టుకున్న ఆడమనిషి. ఆ రంగులు వేసి కూడా ఎన్నో వందల ఏళ్ళు అయిందట. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక దలాల్, నేను ఆ గదిలో తివాసీ మీద వెల్లకిలా పడుకుని వాటికి పేర్లు పెట్టేవాళ్ళం. మూతి ముడుచుకున్న గుడ్లగూబ బాబా. కుండ పట్టుకున్నది నేను. నా జీవితంలో పగటిపూట పడుకుని కప్పు చూసింది ఆ ఒక్క నెలలోనే. ఊళ్ళో ఉన్నప్పుడు పొలం పని, కువైట్‌లో ఇంటి పని, ఆ మధ్యలో ఈ కుందేళ్ళూ పక్షులూ. నిజం చెప్పాలంటే ఆ గదిలో నాకు చాలా సంతోషంగా ఉండేది.

ఆ గవిని మీదే పెద్ద మామా గది. ఆమె కోసమని పక్కనే కొత్తగా స్నానాలగది కట్టించారు, ఆ పని ఎండాకాలానికి ముందే ఒడెట్ దగ్గరుండి చేయించింది. గది నేల అంతా రాతి పలకలు. కిటికీ కింద మూలగా జానెడున్నర చదరపు రంధ్రం, దానికి ఒక చెక్క మూత. మూత తీస్తే లోపల చీకటి. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎందుకంటే మా ఇంట్లో శుక్రవారం ఇల్లు కడగందే పొయ్యి వెలిగించరు. కువైట్‌కి వస్తే ఇక్కడా అంతే, జుమ్మా రోజు చుట్టాలంతా వస్తారు కనుక ముందు ఇల్లంతా బకెట్లతో నీళ్ళు కొట్టి, రబ్బరు కర్రతో తోసి తూములోకి పంపిస్తాం. ఎడారి దుమ్ముకి అదే మందు. ఆ కోటింట్లో మాత్రం తడిగుడ్డ తప్ప ఇంకోటి లేదు, తుడిచిందే తుడవడం. అలాంటిది నేలలో తూము కనిపించింది. ఇంత పాత ఇల్లు కట్టినవాళ్ళు కూడా మా బాధ తెలిసినవాళ్ళే అనుకున్నాను. ముందు ఒక చెంబు పోసి చూశాను. నీళ్ళు పోయాయి. ఇంకేం కావాలి నాకు. మొదటి శుక్రవారం నాలుగు బకెట్లు కొట్టాను. పెద్ద మామా మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని, "ఆ మూల, ఆ మంచం కింద," అని చెప్తూ చూసింది. "ఇప్పుడు ఇది ఇల్లులాగా ఉంది," అంది కూడా. రెండో శుక్రవారమూ కడిగాను.

మూడో శుక్రవారం పొద్దునా కడిగాను; ఆ మధ్యాహ్నం పారిస్ నుంచి బాబా స్నేహితులు రెండు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. పెద్ద పళ్ళెంలో కుంకుమపువ్వు అన్నం, దాని మీద గొర్రెమాంసం పెట్టి నేనే మోసుకొచ్చి బల్ల మధ్యలో ఉంచాను. బాబా బిస్మిల్లా అని చెయ్యి పెట్టబోతుండగా అన్నం మీద ఎర్రటి చుక్క పడింది. మామా నెత్తురనుకుని కెవ్వుమంది. తర్వాత నీలం చుక్క, తర్వాత సన్నటి ధార. తలెత్తి చూశాం. కుందేలు బూరా జారిపోయి పక్షి మీద పడింది, కుండ పట్టుకున్న ఆడమనిషికి మొహం లేదు. చెక్కలు ఉబ్బి, వాటి సందుల్లోంచి రంగునీళ్ళు కారుతున్నాయి. వచ్చినవాళ్ళు బట్టలు దులుపుకుంటూ లేచారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పైన ఏ మూల నుంచి ఆ నీళ్ళు దిగాయో నాకు అప్పుడే అర్థమైంది.

బాబాకి అర్థమైంది వేరు. పైన కొత్తగా వేయించిన గొట్టాలు పగిలాయనుకున్నాడు. ఒడెట్‌ని పిలిపించాడు. ఆమె నీలం గుడ్డకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కప్పు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాబా ఆమె మీద ఎంతసేపు అరిచాడో. ఆమె గొట్టాల వైపు చూపిస్తూ తల అడ్డంగా తిప్పుతోంది, ఆయన వినడం లేదు. వచ్చినవాళ్ళలో ఒక స్నేహితుడే ఆ మాటలు ఫ్రెంచిలో చెప్పాడు: నెల తిరిగేలోపల ఆ చిన్న ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చి పోవాలని. "ఖలాస్," అన్నాడు బాబా ఆఖరున. ఆ మాటకి అనువాదం అక్కర్లేకపోయింది. ఒడెట్ గోడకి ఆనుకుంది. పుట్టి పెరిగిన ఇల్లు కదా అది ఆమెకు. నేను పళ్ళెం ఎత్తి వంటింట్లో దించేశాను.

మెట్లు ఎట్లా ఎక్కానో తెలియదు. పెద్ద మామా ఆ రోజు మోకాళ్ళ నొప్పితో కిందికి రాకుండా పైనే ఉంది. జపమాల తిప్పుకుంటోంది. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, నాకొచ్చిన సగం అరబీలో అంతా చెప్పాను. "ఆ నీళ్ళు నేను పోసినవే పెద్ద మామా. తూములోంచి బయటికి పోతాయనుకున్నాను. పాపం ఒడెట్‌ని వెళ్ళగొడుతున్నారు." ఆమె లేచి వెళ్ళి మూత తీసి వంగి చూసింది. కింద గదిలో మాటలు ఆ రంధ్రంలోంచి పైకి వినబడుతున్నాయి. నన్ను కొడుతుందనుకున్నాను. నవ్వింది. "నువ్వు కడుగుతుంటే నేను చూస్తూనే ఉన్నాను కదా. నేనూ తూమే అనుకున్నాను," అంది.

"నేను కిందికి పోయి చెప్పేస్తాను," అన్నాను.

"చెప్పు. రేపటి విమానంలో నిన్ను మీ ఊరికి పంపించేస్తాడు. నీ చెల్లెలు చదువు మానేస్తుంది." మా చెల్లెలు మదనపల్లెలో నర్సింగు చదువుతోందని, నేను పంపితేనే ఆ చదువు సాగుతుందని ఆమెకు తెలుసు. జపమాల మణికట్టుకి చుట్టుకుంది. "నా కొడుకు ఆ ఆడమనిషిని పంపగలడు. నిన్ను పంపగలడు. నన్ను ఎక్కడికి పంపుతాడు? యల్లా, భుజం పట్టు," అంది.

ఆ సుడిమెట్లు దిగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి గోడ మీద. ఆమె గుమ్మంలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. "ఆమెను వదిలెయ్. నీళ్ళు నేను పోశాను. నమాజుకి కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకున్నాను," అంది. బాబా నమ్మలేదు. "ఇన్ని నీళ్ళా యుమ్మా? వజూకి చెంబెడు చాలు కదా," అన్నాడు. నా భుజం మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత మెల్లగా అంది: "జహ్రాలో మా నాయన ఇంట్లో ఉన్నాననుకున్నాను. అక్కడ నేల మట్టిది కదా. ఎన్ని పోసినా తాగేసేది."

బాబా మొహంలో కోపం ఒక్కసారిగా పోయింది. అంతకన్నా చెడ్డది వచ్చింది దాని చోట. ఆయన తల్లి దగ్గరికి వచ్చి నుదుటి మీద ముద్దు పెట్టుకుని, చంటిపిల్లతో మాట్లాడినట్టు, "ఏం ఫర్వాలేదు యుమ్మా, ఏం ఫర్వాలేదు," అన్నాడు. మామా కళ్ళొత్తుకుంది. స్నేహితులు నేల చూపులు చూశారు. ఆమె వెనక ఒక్క అడుగు దూరంలో నేను నిలబడి ఉన్నాను. ఒక్క మాట అనవలసిన చోట అది. అనలేదు. భయపడ్డాను. ఇన్నేళ్ళలో దానికి ఎన్ని పేర్లు పెట్టుకున్నా అది భయమే.

ఒడెట్ ఇల్లు ఒడెట్‌కి మిగిలింది. ఆ తర్వాతి శుక్రవారం పొద్దున ఆమె వచ్చి నా చేతిలో ఒక పొడిగుడ్డ పెట్టింది. ఇంకో గుడ్డ తడిపి, చుక్క కూడా కారనంత గట్టిగా పిండి, రాతి నేల ఎట్లా తుడవాలో మోకాళ్ళ మీద కూర్చుని చూపించింది. తర్వాత చెక్క మూత తీసి, పైనుంచి ఏదో కుమ్మరిస్తున్నట్టు చేతులు ఆడించి, కింద ఎవరో కాలిపోయి గంతులేస్తున్నట్టు నటించింది. ఆ రంధ్రం నిజంగా నీళ్ళు పోయడానికే పెట్టారు, కాకపోతే సలసల కాగే నీళ్ళు, గవినిలోకి చొరబడిన శత్రువుల మీద. నేను పోసింది అన్నం పెట్టిన ఇంటి మీద. ఆమె నవ్వలేదు, నన్ను తిట్టనూ లేదు. ఆమెకు అంతా తెలుసునని నాకు అర్థమైంది.

కువైట్‌కి తిరిగొచ్చాక పెద్ద మామాని డాక్టర్లకి చూపించారు. వాళ్ళు అడిగిన ప్రశ్నలకి ఆమె రోషంతో జవాబు చెప్పలేదు. ఇవాళ ఏ వారం అని తనను అడిగేవాడెవడని ఆమె కోపం. దాన్ని కూడా జబ్బు కిందే రాసుకున్నారు. నెల తిరక్కుండా సామాన్ల గది తాళంచెవులు మామా నడుముకి వెళ్ళాయి. శుక్రవారం భోజనానికి ఆమె గొర్రె వండమంటే, "అలాగే యుమ్మా," అని కోడి వండేవారు. ఎవరూ ఆమెను ఒక్క కటువు మాట అనలేదు, ముద్దుగానే చూశారు. అదే ఆమెకు తినలేని తిండి అయింది. "అలాగే యుమ్మా అనే మాట ఎంత చెడ్డదో తెలుసా రీమా. తలుపు చప్పుడు కాకుండా మూసినట్టు ఉంటుంది," అంది ఒకసారి. నన్ను వంటింట్లోంచి తీసి ఆమె గదిలో వేశారు. ఆమెను ఒక్క నిమిషం కూడా వదలొద్దన్నారు. లేని జబ్బుకి నన్ను కాపలా పెట్టారు. ఏటేటా నా ఇఖామా అడగకుండానే రెన్యూవల్ అయ్యేది, చెల్లెలు చదువు ముగించి ఉద్యోగంలో చేరింది, ఆమె పెళ్ళి అయింది, పిల్లలు పుట్టారు. నా వాళ్ళంతా తిన్న అన్నం ఆ అబద్ధం వండి పెట్టిందే.

ఊరికే ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు ఆమె. వచ్చిన పేరుని వాడుకోవడం నేర్చుకుంది. గొప్పలు పోయే దూరపు చుట్టం ఒకావిడ ఉండేది, వజ్రాల గాజులు కనబడేలా చేతులు తిప్పుతూ మాట్లాడేది. ఆమె వస్తే పెద్ద మామా అమాయకంగా, "నువ్వు ఎవరి కూతురివమ్మా?" అని అడిగేది. పావుగంట ఆగి మళ్ళీ అడిగేది. మూడోసారి అడిగేటప్పుడు నా వైపు ఒక కన్ను మూసి తెరిచేది, నేను కాఫీ పళ్ళెం కింద పెట్టి వంటింట్లోకి పరిగెత్తి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. మధ్యాహ్నాలు తలుపు వేసుకుని నాకు అరబీ సామెతలు చెప్పేది, నా చేత తెలుగువి చెప్పించుకునేది. ఇంట్లో నలుగురు దాసీలు, ఇద్దరు డ్రైవర్లు, ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చిపోతూ ఉండే ఆ రోజుల్లో మా ఇద్దరికీ అదొక వేరే కాపురం. ఇప్పుడు ఇల్లు చల్లగా, శుభ్రంగా ఉంటుంది. గంటల లెక్కన పని చేసే కుర్రాళ్ళు వచ్చి యంత్రంతో నేల తుడిచి పోతారు. మామాకి చక్రాల కుర్చీ వచ్చింది, శుక్రవారాలు చుట్టాల కన్నా ఫోన్లే ఎక్కువ మోగుతాయి. అప్పుడు ఇంత సుఖం లేదు, కానీ ఒక మనిషి పక్కన నాకు నవ్వు వచ్చేది.

రెండేళ్ళయ్యాక ఒకసారి, ఇక నా వల్ల కాదు, బాబాకి చెప్పేస్తానన్నాను. చెల్లెలు అప్పటికి నిలదొక్కుకుంది, వెళ్ళగొడితే వెళ్ళిపోదామనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు చెప్తే నన్ను పిచ్చిదనుకున్నవాళ్ళే అబద్ధాలకోరు అంటారు. పిల్లల ముందు అబద్ధాలకోరుగా పోవడం కన్నా పిచ్చిదిగా పోవడం నయం. నా ప్రాణం ఉండగా నోరెత్తకు," అంది. సరేనన్నాను. ఆమె మాట కోసం ఒప్పుకున్నానని అనుకునేదాన్ని. కానీ సరేననగానే నా గుండె తేలికపడింది, ఆ సంగతి దాచి ఏం లాభం. అలా పదిహేనేళ్ళు. ఆమె పోయాక ఆ మాటకి గడువు తీరింది. అయినా అడిగినవాళ్ళు లేరని ఊరుకున్నాను.

అడిగే మనిషి ఇప్పుడు నా పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. టీ గ్లాసు దాని చేతిలో పెట్టి, స్టవ్ ఆపి, ఎదురుగా కూర్చున్నాను. "దలాల్, యుమ్మాకి మతిమరుపు లేదు. ఎప్పుడూ లేదు," అన్నాను. నాలుగు బకెట్లు, మూడు శుక్రవారాలు, సుడిమెట్లు, జహ్రా మాట, అన్నీ చెప్పాను. ఈసారి నా అరబీ తడబడలేదు. అయ్యాక, "ఇక మీ నాన్నకు చెప్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం," అన్నాను.

ముందు దానికి నవ్వొచ్చింది. "తూము అనుకున్నారా ఇద్దరూ," అంటూ ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే నాకు రాదన్నమాట."

"రాదని నేనెట్లా చెప్పేది. వస్తే ఆమె నుంచి మాత్రం కాదు. ముగ్గురు పిల్లలు, ఉద్యోగం, నిద్ర లేదు నీకు. ముందు నిద్రపో," అన్నాను.

తల ఊపింది. టీ తాగింది. బాబా సంగతి ఎత్తలేదు, నా పని సంగతీ ఎత్తలేదు. గ్లాసు కింద పెట్టబోతూ ఆగింది. "యుమ్మా ఎప్పటిదాకా బాగుంది?" అని అడిగింది.

"ఆఖరిదాకా."

"ఫహద్ పుట్టినప్పుడు?" ఫహద్ దాని పెద్దకొడుకు. పెద్ద మామా పోవడానికి ఏడాది ముందు పుట్టాడు.

"అప్పుడూ బాగానే ఉంది."

దాని మొహంలో రంగు పోయింది. నాకూ ఆ రోజు అప్పుడే గుర్తొచ్చింది, గుర్తొచ్చాక దాని మొహంలోకి చూడలేకపోయాను.

"ఆసుపత్రి నుంచి నేరుగా వాణ్ణి ఇక్కడికే తీసుకొచ్చాను. యుమ్మా మంచం మీద కూర్చుని రెండు చేతులూ చాపింది," అంది దలాల్. "పడేస్తుందని భయమేసింది. ఇవ్వలేదు. వాణ్ణి నీ చేతికిచ్చాను."

"ఇచ్చావు," అన్నాను. "నేను తీసుకున్నాను."